సాయంత్రం ఆరు తర్వాత: మందు మానిన మనిషికి మట్టి, ముగ్గు, పాట

(వ్యసన విముక్తి కేంద్రాల కౌన్సిలర్లు, ఆశా కార్యకర్తలు, కుటుంబ సభ్యుల కోసం జరిగిన శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, కేంద్రాల్లో రాత్రింబవళ్ళు పనిచేస్తున్న కౌన్సిలర్లకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు, అందరికంటే ముఖ్యంగా తమ ఇంటి మనిషి కోసం ఇక్కడిదాకా వచ్చిన తల్లులకు, భార్యలకు, అన్నదమ్ములకు నమస్కారం.

మందు మాన్పించడం ఎలా అన్న విషయం మీద మన కేంద్రాల్లో ఎంతో శిక్షణ జరుగుతోంది. మానిన మనిషి సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఏం చేయాలన్న విషయం మీద మాత్రం మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. పని దిగి, ఒళ్ళు కడుక్కుని, ఇన్నేళ్ళూ బెల్టు షాపు వైపు నడిచిన కాళ్ళకు ఆ వేళకు ఇంకో దారి తెలియదు. స్నేహితులంతా అక్కడే ఉంటారు, కబుర్లూ అక్కడే, నవ్వులూ అక్కడే. ఆ దారి మూసినప్పుడు అతని చేతికి, నోటికి, పక్కన కూర్చునే తోడుకు మనం ఏమిస్తున్నాం అన్నదే ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం. పైసా ఖర్చు లేకుండానో, పది ఇరవై రూపాయలతోనో దొరికే మట్టి, ముగ్గుపిండి, పాత క్యాలెండర్ కాగితం, భజన తాళం, నోటు పుస్తకం అనే వస్తువులు ఆ నాలుగు గంటలను ఎలా నింపగలవో, ఎక్కడ నింపలేవో, ఎక్కడ హాని కూడా చేయగలవో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానితే చివరి గుక్క తర్వాత ఆరు గంటల నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మతి తప్పడం, లేనివి కనబడటం, ఒళ్ళంతా వణకడం మొదలుకావచ్చు. సరైన వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. తెలంగాణలో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడిన వారి పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్ళ ఒళ్ళు మానేసేది కల్లును మాత్రమే కాదు, ఆ మత్తు మందులను కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు, మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మానిన ఆ తొలి రోజుల్లో కావలసింది డాక్టరు, థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షను, నిద్రకు, ఫిట్స్‌కు మందులు. పాటా బొమ్మా ఆ ప్రమాదం దాటిన తర్వాతి సంగతి. కళతోనే తాగుడు మాన్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు, మీరూ ఎవరికీ అలా చెప్పవద్దు.

ఇక చికిత్స విషయానికి వస్తే, అది అందుతున్నది ఎంతమందికి? కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. పది నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది, మద్యం తాగుతున్నారని ఆ సర్వే చెప్పింది. మద్యం లేకుండా ఉండలేని స్థితికి చేరుకున్న వారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స అందిందని కూడా అదే చెప్పింది. మిగిలిన 37 మంది ఎక్కడ ఉన్నారు? మన వీధుల్లో, మన ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళందరికీ మంచాలు, సైకియాట్రిస్టులు దొరికే రోజు కోసం ఎదురుచూస్తూనే, ఊళ్ళో ఉన్న సరుకుతో, ఊళ్ళో ఉన్న మనుషులతో చేయగలిగిన పని ఏమిటో వెతకక తప్పదు. చవకైన కళల గురించి నేను ఇంత పట్టుగా మాట్లాడటానికి కారణం అదే.

మానిన తొలి వారాల్లో మనిషికి ఏదీ రుచించదు. అన్నం రుచించదు, పిల్లల మాట రుచించదు, ఎంతో ఇష్టపడ్డ సినిమా కూడా పట్టదు. ఇది మొండితనం కాదు. ఏళ్ళ తరబడి మద్యం ఇచ్చిన బలమైన ఉత్సాహానికి అలవాటుపడిన మెదడుకు మామూలు సంతోషాలు అందడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియని ఇంటివాళ్ళు, "మానేశాడు కదా, ఇంకా ఆ మొహం ఏమిటి?" అంటారు. ఆ మాట వాళ్ళు కోపంతో అనరు, అలసిపోయి అంటారు. కానీ విన్నవాడికి అది ఇంకో దెబ్బ. రెండో సంగతి, తాగాలన్న తహతహ. అది ఎప్పటికీ తగ్గదేమో అనిపిస్తుంది కానీ, అలలాగా లేచి, చాలావరకు పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో తనంతట తానే దిగిపోతుంది. ఆ అరగంట గడిచేదాకా చేతులకు ఒక పని, కళ్ళకు ఒక గురి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. కేంద్రాల్లో కళకు నేనిచ్చే మొదటి ఉద్యోగం ఈ అరగంటను దాటించడం. అందం, ప్రతిభ, ప్రదర్శన అన్నవి ఆ తర్వాత ఎప్పుడైనా వస్తే రానీయండి.

దీనికి రుజువు ఏదీ అని డాక్టర్లు అడుగుతారు, అడగాలి కూడా. ఆరోగ్యంలో కళల పాత్ర మీద వచ్చిన మూడు వేలకు పైగా అధ్యయనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఒకచోట చేర్చి సమీక్షించింది. వ్యసనం మీద సూటిగా మాట్లాడేది, వైద్య ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2022లో తెచ్చిన సమీక్ష. 21 ప్రయోగాలను, సుమారు రెండు వేల మందిని పరిశీలించిన ఆ సమీక్ష, మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైనప్పుడు తహతహ కొంత తగ్గుతుందని, చికిత్సలో కొనసాగాలన్న కోరిక కొంత పెరుగుతుందని తేల్చింది. ఆందోళన, కుంగుబాటు విషయంలో మాత్రం స్పష్టమైన మేలు కనబడలేదని కూడా దాచకుండా చెప్పింది. ఇక బొమ్మల విషయానికి వస్తే, అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు రంగు పెన్నులు, మట్టి, కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమని, ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ కొలిచింది. దాదాపు 75 శాతం మందిలో ఆ ఒత్తిడి హార్మోను తగ్గింది. బొమ్మలు వేయడం ముందే వచ్చా రాదా అన్నదానితో ఆ తగ్గుదలకు సంబంధం కనబడలేదు. 2016లో అచ్చయిన ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు తాగుడు మానుతున్న రోగులు కాదు, ఆరోగ్యవంతులు. అందుకని దాని నుంచి ఎక్కువ ఊహించుకోవద్దు. "నాకు బొమ్మలు రావు సార్" అనే మనిషికి ధైర్యం చెప్పడానికి మాత్రం ఆ ఒక్క అంశం చాలు.

మనకు ఇంతకంటే దగ్గరి చరిత్ర ఒకటి ఉంది. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షర దీపం పేరుతో సాక్షరతా ఉద్యమం మొదలైనప్పుడు ఊరూరా కళాజాతలు తిరిగాయి. డప్పు కొట్టి, పాట పాడి, వీధిలోనే నాటకం ఆడి రాత్రి బడులకు ఆడవాళ్ళను పిలిచాయి. ఆ బడుల్లో కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ బతుకుల గురించి కూడా మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ సంగతే వాచకంలో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ ఉద్యమాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది. అయినా దానిలో మనం చూడవలసిన లోటు ఒకటి ఉంది. పాట ఆడవాళ్ళ నోటికి వచ్చింది, పాఠం ఆడవాళ్ళ చేతికి వచ్చింది. తాగే మగవాడు ఆ పాటలో దోషిగా మాత్రమే కనిపించాడు, పాడేవాడిగా ఎప్పుడూ లేడు. దుకాణం మూసిన ఆ నెలల్లో అతని సాయంత్రం ఎలా గడుస్తుందో పట్టించుకున్న ఏర్పాటు నాకు తెలిసినంతలో ఎక్కడా జరగలేదు. నిషేధం సడలడానికి ఖజానా లెక్కలు, దొంగ రవాణా వంటి కారణాలు చాలా ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఇవాళ మన కేంద్రాల్లో జరిగే కార్యక్రమాలు చూస్తుంటే ఆ పాత లోటే మళ్ళీ కనబడుతోంది.

ఎలాగంటే, మన కేంద్రాల్లో కళ అంటే ఇప్పటికీ గోడ మీద నినాదం. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం రాగానే రోగులందరికీ చార్టులు ఇచ్చి, సీసా మీద ఎర్రటి ఇంటూ గుర్తు వేయిస్తాం, పుర్రె బొమ్మ వేయిస్తాం, "మద్యం మానండి" అని రాయిస్తాం, అతిథి వచ్చాక ఫోటో తీస్తాం. మానడానికి నానా తంటాలు పడుతున్న మనిషి చేత రెండు గంటల సేపు సీసా బొమ్మే గీయించడం నాకు సరైనదిగా తోచదు. సీసా ఆకారం, రంగు, గ్లాసు చప్పుడు కూడా తహతహను లేపుతాయని మనమే తరగతిలో పాఠం చెబుతాం కదా! పైగా ఆ చార్టులో అతని సొంత మాట ఒక్కటీ ఉండదు. ఏం గీయాలో, ఏం పాడాలో, ఏం రాయాలో అతనే నిర్ణయించుకోనివ్వండి. ఎద్దును గీస్తాడు, తన ఊరి చెరువుకట్టను గీస్తాడు, అమ్మవారి గుడిని గీస్తాడు, ఏమీ గీయకుండా కూర్చుంటాడు. నాలుగూ సరైనవే.

మట్టితో మొదలుపెట్టమని నేను అందరికీ చెబుతాను. దానికి కారణం ఉంది. మానిన తొలి రోజుల్లో చేతులు వణుకుతాయి. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి సన్నని గీత గీయమంటే గీత వంకర పోతుంది, ఆ వంకర అతని కంటికే కనబడి సిగ్గుతో కాగితాన్ని నలిపేస్తాడు. చెరువు మట్టికి ఆ బాధ లేదు. వినాయక చవితి బొమ్మకు తెచ్చుకునే బంకమట్టే, రాళ్ళు, గడ్డిపరకలు ఏరేసి, ఒక రాత్రి నానబెట్టి, చపాతీ పిండిలా కలిసేదాకా పిసికితే సిద్ధమవుతుంది. పిసకడమే సగం పని, వణికే చేతికి అది మంచి ఊతం. తప్పుపోతే ముద్ద చేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, సాక్ష్యం మిగలదు. ఒక కేంద్రంలో ఒక లారీ డ్రైవరును చూశాను. మొదటి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మట్టి ముద్ద చేతికిచ్చినప్పుడు, "ఈ చెయ్యి చూడన్నా, స్టీరింగే పట్టదు, ఇంక బొమ్మేం చేస్తది?" అన్నాడు. కాసేపటికి అరచేతుల మధ్య చిన్న ఉండలు చేసి, బొటనవేలితో నొక్కి, చీపురు పుల్లతో మధ్యలో పొడిచి వరసగా పెడుతున్నాడు. అవి చక్రాలు. నేలమీద పది చక్రాలు చేరాక వెనకవి జంటలుగా ఉండాలని సరిదిద్దాడు, తన లారీకి అలాగే ఉంటాయట. భోజనానికి గంట కొట్టినా లేవలేదు. ఆ సాయంత్రం ఆయన ఒక్క వాక్యం చెప్పాడు: ఆ బండి ఫైనాన్సు వాళ్ళు పట్టుకుపోయారని. అప్పటిదాకా కేసు కాగితంలో లేని విషయం అది. ఆ మర్నాడు కౌన్సిలరు మాట మొదలుపెట్టింది అక్కడి నుంచే.

మట్టి తర్వాత ముగ్గు. మగవాళ్ళ వార్డులో ముగ్గు అనగానే నవ్వులు వస్తాయి, అది ఆడవాళ్ళ పని అంటారు. అటువంటప్పుడు వాదించకుండా తాపీ మేస్త్రీ ఎవరైనా ఉన్నాడేమో వెతకండి, మన వార్డుల్లో తప్పకుండా ఒకరు ఉంటారు. ఇంటి పునాదికి తాడు పట్టి, మూలమట్టం చూసి సున్నంతో ముగ్గు పోసే మనిషికి చుక్కలు పెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏడు చుక్కలతో మొదలై ఒకటి దాకా తగ్గుతూ వచ్చే చిన్న ముగ్గులో కూడా ఎంత పని ఉందో చూడండి. చుక్కలు లెక్కపెట్టాలి, వరస తప్పకూడదు, ఒక చుక్క చుట్టూ తిరిగిన మెలిక మొదలైన చోటికే రావాలి. మెలికల ముగ్గు వేస్తున్నప్పుడు మనసు వేరే చోటికి పోతే గీత దారి తప్పుతుంది, దాంతో మనసు తనంతట తానే వెనక్కి వస్తుంది. ధ్యానం చేయమని కళ్ళు మూసుకోమంటే చాలామంది తొలి నెలలో కూర్చోలేరు, కళ్ళు మూయగానే పాత సంగతులు ముసురుకుంటాయి. కళ్ళు తెరిచి, కాళ్ళ మీద కూర్చుని, వేళ్ళ మధ్య నుంచి పిండి జారవిడుస్తూ చేసే పని వాళ్ళకు ఎక్కువ అనువుగా ఉంటుంది. మర్నాడు ఉదయం ఊడ్చేస్తారు కాబట్టి బాగుందా బాగోలేదా అన్న పంచాయితీ కూడా ఉండదు.

పాట విషయంలో నాకు ఎంత నమ్మకమో అంత భయం కూడా ఉంది. మన ఊళ్ళలో భజన మందిరం ఉంది, చెక్క భజన ఉంది, కోలాటం ఉంది. పదిమంది గొంతులు కలిసినప్పుడు ఊపిరి కూడా కలుస్తుంది, రాగం రానివాడు తాళం వేస్తాడు, తాళం రానివాడు పల్లవి అందుకుంటాడు, పాట ఎవరినీ బయట నిలబెట్టదు. తాగుడు మొదలైన తర్వాత భజనకు రావడం మానేసిన మనిషిని మళ్ళీ అక్కడికే తీసుకురాగలిగితే, అతనికి తాగుడు కంటే ముందున్న ఒక పాత స్థానం దొరుకుతుంది. అయితే ఏ పాట అన్నది అతన్నే అడగాలి. కొన్ని సినిమా పాటలు గ్లాసుతో పాటే చెవిన పడ్డవి. అవి వినగానే నోట్లో రుచి తిరుగుతుంది. "ఏ పాట వింటే తాగాలనిపించేది?" అని మొదటి రోజే అడిగి ఆ పాటలు పక్కన పెట్టడం కౌన్సిలరు పని. దేవుడి పాటలు ఇష్టం లేనివాళ్ళు, వేరే మతంవాళ్ళు ఉంటారని కూడా మరవకూడదు. జానపదాలు, నాట్లు వేసేటప్పటి పాటలు, పద్యాలు అందరికీ పంచుకోదగినవి. వేమన పద్యం రాని తెలుగువాడు అరుదు, ఒకరు ఒక పాదం చెబితే మిగతా మూడూ పక్కవాళ్ళు అందుకుంటారు.

డప్పు కొట్టే అన్నదమ్ముల గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. చావు దగ్గరికో, జాతరకో డప్పు కొట్టడానికి వెళ్ళినవారికి కూలితో పాటు మందు పోయించడం మన ఊళ్ళలో ఎంత పాతుకుపోయిందో మీకు తెలుసు. వాళ్ళకు కళే తాగుడు దగ్గరికి తీసుకువెళ్ళే దారి అయింది. అటువంటి మనిషి కేంద్రానికి వచ్చినప్పుడు, "నీకు డప్పు వచ్చు కదా, కొట్టు" అని ఉత్సాహపడటం తొందరపాటు అవుతుంది. మొదట వేరే పని ఇవ్వండి. తర్వాత, మందు లేకుండా, కూర్చున్నచోటే, తనకు ఇష్టమైన దరువును వార్డులో ఇద్దరికి నేర్పమని అడగండి. మందు బదులు పూర్తి కూలి డబ్బుగా ఇచ్చే పద్ధతికి ఊరి పెద్దలను ఒప్పించడం కూడా చికిత్సలో భాగమేనని నా అభిప్రాయం. ఆ పని కేంద్రం గోడల మధ్య జరగదు, మీరే ఊరికి వెళ్ళాలి.

రాయడం గురించి కొంచెం చెబుతాను. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 నుంచి చేసిన ప్రయోగాల్లో, మనసును కలచివేసిన విషయాన్ని రోజుకు పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున వరసగా మూడు నాలుగు రోజులు రాసినవారికి తర్వాతి నెలల్లో ఆరోగ్యం కొంత మెరుగైనట్టు చూశారు. రాసిన వెంటనే మాత్రం మనసు బరువెక్కుతుంది. అందుకే మానిన తొలి వారంలో ఈ పని పెట్టవద్దు, రాత్రి పడుకునే ముందు అసలే వద్దు, పక్కన మాట్లాడటానికి ఎవరూ లేనప్పుడు వద్దు. రాయడం రానివాళ్ళు ఫోనులో తమ గొంతు రికార్డు చేసుకోవచ్చు. ఒకాయన తన కూతురికి చెప్పాలనుకున్న మాటలు అలా చెప్పుకుని, వినిపించకుండానే తుడిచేశాడు. తుడిచేయడం ఆయన హక్కు. నోటు పుస్తకం మీద అతని పేరు ఉంటుంది, లోపల ఏముందో అడిగే అధికారం మనకు లేదు.

సరుకు విషయంలో కొన్ని జాగ్రత్తలు కచ్చితంగా చెప్పి తీరాలి. ఘాటు వాసన వచ్చే జిగురు, వైట్‌నర్, థిన్నర్, టర్పెంటైన్, నూనె రంగులు కేంద్రం గడప దాటి లోపలికి రాకూడదు. ఇందాక చెప్పిన 2019 సర్వేలోనే, వాసన పీల్చి మత్తు పొందే అలవాటు పెద్దల్లో 0.58 శాతం ఉంటే పిల్లల్లో 1.17 శాతం ఉందని తేలింది. పిల్లలు ఉన్న చోట ఈ కట్టుబాటు మరీ అవసరం. జిగురుకు మైదా పిండి నీళ్ళలో కలిపి, సన్నని సెగ మీద గంటె తిప్పుతూ ఉడికించి, చల్లార్చిన ముద్ద చాలు. గోడ పోస్టర్లు అంటించేవాళ్ళు, పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, మన దగ్గర కలపవద్దు, రెండు రోజులకు సరిపడా మాత్రమే చేసుకుని, మిగిలింది పారబోయండి. బ్లేడు, కత్తెర లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. చనిపోవాలన్న ఆలోచన ఉన్న మనిషి గుంపులో ఉంటే కాగితాన్ని చేత్తోనే చింపి అతికించే పని పెట్టండి. రంగుకు పసుపు, జాజు, బొగ్గు, బీట్‌రూట్ రసం ఉన్నాయి. పదిమంది గుంపుకు నెల రోజుల సరుకు ఐదు వందల రూపాయలు దాటనవసరం లేదు. నిధులు రాలేదు కాబట్టి మొదలుపెట్టలేదని ఎవరైనా అంటే ఆ కారణాన్ని నేను ఒప్పుకోలేను.

ఇంట్లో ఆడవాళ్ళ గురించి మాట్లాడకపోతే నా మాట సగమే అవుతుంది. ఇన్నేళ్ళూ అతని జేబు వెతికిన చేతులు, అర్ధరాత్రి తలుపు చప్పుడు కోసం విన్న చెవులు, అతను మానిన మర్నాడే విశ్రాంతి తీసుకోలేవు. కేంద్రానికి కుటుంబ సభ్యులు వచ్చే రోజున వాళ్ళకు విడిగా ఒక గంట ఇవ్వండి. ఆ గంటలో భర్త గురించి కౌన్సెలింగు పెట్టవద్దు, అల్లికో, మట్టో, పాటో వాళ్ళకు నచ్చింది చేసుకోనివ్వండి. ఒకామె ఆ గంటంతా ఏమీ చేయకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. లేచేటప్పుడు, "ఇంతసేపు నన్ను ఎవరూ పిలవకుండా కూర్చోవడం పెళ్ళయ్యాక ఇదే, అమ్మా" అని మా నర్సుతో చెప్పింది. మరో విషయం, తాగే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పరువు భయంతో వాళ్ళు కేంద్రం మెట్లు ఎక్కరు. డ్వాక్రా గ్రూపు సమావేశంలోనో, గుడి దగ్గర కోలాటం నేర్చుకునే చోటనో, తాగుడు మాట ఎత్తకుండానే వాళ్ళతో స్నేహం కలిపే వీలు ఆశా కార్యకర్తలకు ఉంది, మా వంటి వాళ్ళకు లేదు.

చేసిన బొమ్మలను ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ప్రదర్శన పెట్టాలని, వాట్సాప్‌లో పంపాలని మనకు ఉత్సాహంగా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోను గానీ వివరాలను గానీ అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, వెనక గోడ మీద కేంద్రం పేరు ఉన్న ఒక్క ఫోటో చాలు, ఊళ్ళో పిల్ల పెళ్ళి సంబంధం చెడిపోవడానికి. బొమ్మ చేసినవాడిది. ఇంటికి తీసుకువెళతానంటే గుడ్డలో చుట్టి ఇవ్వండి, పగలగొడతానంటే పగలగొట్టనివ్వండి.

ఇంటికి వెళ్ళిన తర్వాత ఈ పని ఆగిపోతే మనం ఇంతసేపు మాట్లాడుకున్నదంతా వృథా. కేంద్రంలో ఉన్న ముప్పై రోజులు కంచె లోపలి రోజులు. అసలు సాయంత్రాలు ఊళ్ళోనే ఉన్నాయి. అందుకని డిశ్చార్జి కాగితంలో మాత్రల చీటీతో పాటు ఒక చోటు, ఒక వేళ, ఒక మనిషి రాసి ఉండాలి: ఏ ఊళ్ళో, ఏ అరుగు మీద, ఎవరి దగ్గర, వారంలో ఏయే సాయంత్రాలు. పంచాయతీ గ్రంథాలయం ఉండవచ్చు, బడి వరండా ఉండవచ్చు, భజన మందిరం ఉండవచ్చు. బెల్టు షాపు కనబడని చోటు అయితే చాలు. అక్కడ కూర్చోబెట్టే మనిషి, మాని ఏడాది దాటినవాడైతే మరీ మంచిది, అతనికి ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వాలి. ఉచిత సేవ అని చెప్పి పేదవాడి సాయంత్రాలు వాడుకోవడం న్యాయం కాదు.

మధ్యలో ఎవరైనా మళ్ళీ తాగుతారు. ఇది జరుగుతుంది, చాలామందికి ఒకటి కంటే ఎక్కువ సార్లు జరుగుతుంది. ఆ రోజు తాగి వస్తే గుంపులో కూర్చోబెట్టవద్దు, మిగతావాళ్ళకు అది కష్టం. ఇంటికి చేర్చండి, మర్నాడు ఆశా కార్యకర్త వెళ్ళి చూసి రావాలి, రోజూ తాగడం మళ్ళీ మొదలైతే తనంతట తాను ఆపే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. అతని నోటు పుస్తకాన్ని, సగంలో ఆగిన పనిని పారేయవద్దు, పేరు రాసి బీరువాలో ఉంచండి. రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలో తెలియనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు పదార్థాల విషయంలో జాతీయ సహాయ నంబరు 14446 ఉంది. ఈ రెండు నంబర్లూ మీ పుస్తకాల మొదటి పేజీలో ఇప్పుడే రాసుకోండి. టీ తర్వాత వరండాలో మట్టి నానబెట్టి ఉంచాం. పదేసి మంది చొప్పున కూర్చుని, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడ ఉండాలి, మట్టి ఎంత మెత్తగా ఉండాలి, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి అన్నవి మాటలతో కాకుండా చేసి చూద్దాం.